ఆగనంటున్న ఇంజిన్

కోనసీమలో గడ్డికి కరవు లేదు. గౌతమి, వశిష్ట పాయల మధ్య గోదావరి పేర్చిన ఒండ్రు నేల, పక్కనే కాలవ నీరు, కొబ్బరి చెట్ల సగం నీడ, సముద్రం మీంచి వచ్చే చెమ్మగాలి. ఇన్ని కలిసొచ్చిన చోట కోసిన గడ్డి కోసినట్టే మళ్లీ లేస్తుంది. కొడవలి పట్టే మనుషులు దొరకడం కష్టమయ్యాక అంబాజీపేట, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో బ్రష్ కట్టర్ రొద మామూలైపోయింది. బడుల ఆవరణల్లో, కల్యాణమండపాల ముందు పచ్చికల మీద చక్రాల లాన్ మోవర్ నడుస్తుంది. దమ్ములో పవర్ టిల్లర్, కాలవ గట్టు మీద ఆయిల్ ఇంజిన్ సరేసరి.

వీటిని స్టార్ట్ చేయడం అమ్మేవాళ్లూ నేర్పుతారు, పక్క తోట వాళ్లూ నేర్పుతారు. తాడు ఎంత లాగాలి, చోక్ ఎప్పుడు వేయాలి, హ్యాండిల్ ఎలా తిప్పాలి అన్నీ చెబుతారు. ఆపడం గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. స్విచ్ నొక్కడమేగా, అందులో చెప్పేదేముంది అనుకుంటారు. నొక్కినా ఆగని రోజు వస్తేనే చిక్కు. కంగారులో ప్లగ్గు మీద చెయ్యి వేసినవాళ్లుంటారు, బ్లేడును నేలకేసి అదిమినవాళ్లుంటారు. నిజానికి ఆగని ఇంజిన్‌ను ఆపడానికి ధైర్యంతోగానీ బలంతోగానీ పని లేదు. అది దేని మీద బతుకుతోందో తెలిస్తే చాలు. దాన్ని అందకుండా చేస్తే ఇంజిన్ తనంతట తనే ఆగుతుంది.

నెట్టడం మానితే ఆగిన యంత్రం

పచ్చిక కోసే యంత్రానికి 1830లో ఇంగ్లాండులోని స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. బట్టల మిల్లులో ఉన్ని గుడ్డ మీది నూగును సమంగా కత్తిరించే యంత్రాన్ని చూసి, అదే పద్ధతిలో గడ్డినీ కోయవచ్చని ఆలోచించాడు. అది మనిషి నెడితే నడిచేది, నెట్టడం మానితే ఆగేది. ఆపడమెలా అన్న ప్రశ్నే దానికి లేదు.

ఆ ప్రశ్న పెట్రోల్ ఇంజిన్‌తో వచ్చింది. ఇంజిన్‌ను మనం తిప్పేది మొదటిసారి మాత్రమే. ఒకసారి అంటుకున్నాక సిలిండర్‌లో మండిన గాలి పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ క్రాంక్‌ను, క్రాంక్ ఫ్లైవీల్‌ను తిప్పుతాయి. ఆ తిరుగుడులోని వేగమే పిస్టన్‌ను మళ్లీ పైకి తెచ్చి తర్వాతి మంటకు ఏర్పాటు చేస్తుంది. ఈ మంటే వచ్చే మంటకు దారి వేస్తుంది కాబట్టి, మనిషి పక్కకు పోయినా ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. దాన్ని ఆపడమంటే ఈ గొలుసులో ఒక కొక్కెం విప్పడం.

పెట్రోల్ ఇంజిన్‌కు మూడు కావాలి: గాలి, ఇంధనం, సరైన క్షణానికి ఒక నిప్పురవ్వ. డీజిల్ ఇంజిన్‌కు రవ్వ అక్కర్లేదు, గాలిని అదిమినప్పుడు పుట్టే వేడే దానికి నిప్పు. రెండింటికీ ఉన్న ఈ ఒక్క తేడా వల్లే వాటిని ఆపే పద్ధతులు కూడా వేరయ్యాయి.

తెగితే ఆగని వైరు

బ్రష్ కట్టర్‌లో బ్యాటరీ ఉండదు. అయినా స్పార్క్ ప్లగ్గులో వేల వోల్టుల రవ్వ పడుతుంది. మాగ్నెటో అనే చిన్న ఏర్పాటు ఆ పని చేస్తుంది. ఫ్లైవీల్ అంచులో అయస్కాంతం బిగించి ఉంటుంది. అది తిరుగుతూ పక్కనున్న రాగితీగ చుట్ట ముందునుంచి పోయిన ప్రతిసారీ ఆ తీగలో కరెంటు పుడుతుంది. అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే చూపించాడు. ఆ సూత్రంతో ఎక్కువ వోల్టేజి రవ్వను నమ్మకంగా ఇచ్చే మాగ్నెటోను 1902లో జర్మనీలోని బాష్ సంస్థలో గాట్‌లోబ్ హోనోల్డ్ తయారుచేశాడు.

చుట్టలో రెండు తీగలుంటాయి. మొదటిది లావు తీగ, కొద్ది చుట్లు. దాని చుట్టూ సన్నటి తీగ వేల చుట్లు. లావు తీగలో పారుతున్న కరెంటును సరైన క్షణంలో ఉన్నట్టుండి తెంచేస్తే, దాని అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలిపోతుంది. ఆ కుదుపుకు సన్న తీగలో పది వేల వోల్టులకు పైగా పుట్టి ప్లగ్గు కొన దగ్గర రవ్వగా దూకుతుంది. రవ్వ పుట్టాలంటే కరెంటు ఉండటం చాలదు, అది ఠక్కున తెగాలి.

స్టాప్ స్విచ్ పనిచేసేది ఇక్కడే. ఇంట్లో దీపం స్విచ్ ఆపితే కరెంటు దారి తెగుతుంది. మాగ్నెటో ఇంజిన్‌లో జరిగేది దానికి నేరుగా తలకిందులు. స్టాప్ నొక్కితే దారి తెగదు, కొత్త దారి కలుస్తుంది. లావు తీగ చివరను ఆ స్విచ్ ఒక సన్నటి వైరు ద్వారా ఇంజిన్ లోహపు ఒంటికి కలిపేస్తుంది. అప్పుడు కరెంటు తెగకుండా ఆ దారినే తిరుగుతూ ఉండిపోతుంది. తెగడం లేదు కాబట్టి రవ్వ లేదు. రవ్వ లేదు కాబట్టి ఇంజిన్ ఆగుతుంది.

ఇప్పుడు ఆ సన్నటి వైరు తెగిందనుకోండి. లేదా దాని చివరి క్లిప్పు ఊడింది, స్విచ్ లోపల తుప్పు పట్టింది. ఇంటి దీపమైతే వైరు తెగగానే ఆరిపోతుంది. ఈ ఇంజిన్ మాత్రం ఏమీ జరగనట్టు నడుస్తూనే ఉంటుంది. స్విచ్‌ను ఎన్నిసార్లు నొక్కినా కలవాల్సింది కలవదు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. రాగి మీద పచ్చటి చిలుము, ఇనుము మీద తుప్పు కరెంటును సరిగా దాటనివ్వవు. వానలో తడిసిన యంత్రాన్ని తుడవకుండా కొట్టంలో పడేస్తే ఇంజిన్‌కు ఏమీ కాకపోవచ్చు, దాన్ని ఆపే ఏర్పాటు మాత్రం ముందుగా చెడుతుంది.

ఇంత ప్రమాదకరంగా ఎందుకు తయారు చేశారన్న అనుమానం రావచ్చు. పిస్టన్ ఇంజిన్‌తో ఎగిరే చిన్న విమానాల్లోనూ ఇదే మాగ్నెటో, ఇదే పద్ధతి. అక్కడ ఇది వరం. ఆకాశంలో ఒక సన్న వైరు తెగినంత మాత్రాన ఇంజిన్ ఆగిపోకూడదు. నేల మీద మాత్రం అదే గుణం ముప్పు. అందుకే విమానాల దగ్గర పనిచేసేవాళ్లకు మొదట నేర్పే పాఠం, స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ప్రొపెల్లర్‌ను ఎప్పుడూ బతికున్నదానిలాగే చూడమని. చక్రాల లాన్ మోవర్‌కూ ఈ పాఠం అచ్చంగా వర్తిస్తుంది. అందులో బ్లేడు నేరుగా క్రాంక్ ఇరుసుకే బిగించి ఉంటుంది. ఆపే వైరు తెగి ఉంటే, వేడిగా ఉన్న ఇంజిన్ కింద ఇరుక్కున్న గడ్డిని తీయబోయి బ్లేడును చేత్తో తిప్పినా అది మళ్లీ అంటుకోవచ్చు.

రెండు హద్దుల మధ్య మంట

స్విచ్ పనిచేయలేదు, అంటే రవ్వను తీసేసే దారి మూసుకుపోయింది. ఇక మిగిలినవి గాలి, ఇంధనం. పెట్రోల్ ఆవిరికి ఒక పట్టింపు ఉంది. గాలిలో అది సుమారు ఒకటిన్నర శాతం కన్నా తక్కువున్నా అంటుకోదు, ఏడున్నర శాతం దాటినా అంటుకోదు. ఆ రెండు హద్దుల మధ్యనే మంట. కార్బొరేటర్ చేసే పనంతా మిశ్రమాన్ని ఈ హద్దుల మధ్య నిలపడమే. కాబట్టి ఇంజిన్ ఆపడానికి రవ్వతో పని లేని దారులు రెండున్నాయి. మిశ్రమాన్ని పై హద్దు దాటించడం ఒకటి, కింది హద్దుకు దించడం మరొకటి.

పై హద్దు దాటించేది చోక్. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు వేసేది అదే. పూర్తిగా మూస్తే గాలి దారి ఇరుకై, పీల్పుకు పెట్రోల్ ఎక్కువగా వస్తుంది. వేడెక్కి నడుస్తున్న ఇంజిన్‌కు అది మోతాదు మించిన తిండి. గుటగుటమని, నల్లగా పొగ వదిలి, కొన్ని క్షణాల్లో ఆగిపోతుంది. బ్రష్ కట్టర్‌కు ఇదే అన్నిటికన్నా మంచి రెండో దారి. చోక్ మీట గాలి వడపోత డబ్బా పక్కనే, చేతికి అందేచోట ఉంటుంది, బ్లేడేమో గొట్టం అవతలి కొసన దూరంగా ఉంటుంది.

కింది హద్దుకు దించేది పెట్రోల్ కాక్. చక్రాల మోవర్లకు, పంపు ఇంజిన్లకు ట్యాంకు కింద ఇది ఉంటుంది. మూసిన వెంటనే ఇంజిన్ ఆగదు. కార్బొరేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోల్ అయిపోయేదాకా నడుస్తుంది. చివర్లో మిశ్రమం పలచబడి ఒక్కసారి రొద పెరగవచ్చు కూడా. అది చూసి కంగారు పడి దగ్గరికి వెళ్లకూడదు, ఆగబోతోందన్నమాట.

వరసగా చెప్పుకుందాం. ముందు యాక్సిలరేటర్ మీట వదిలేయాలి. బ్రష్ కట్టర్‌లో వేగం తగ్గగానే పట్టు వదిలే క్లచ్ ఉంటుంది. ఇంజిన్ నెమ్మదిగా నడుస్తున్నంతసేపూ బ్లేడు తిరగదు. అంటే సగం ప్రమాదం అక్కడే పోయింది. బ్లేడు నేలకు తగలకుండా, మనుషుల వైపు లేకుండా పట్టుకుని స్విచ్‌ను రెండు మూడుసార్లు అటూ ఇటూ వేసి చూడాలి. పలచటి తుప్పయితే ఆ రాపిడికి పోవచ్చు. ఆగకపోతే చోక్ పూర్తిగా మూయాలి. కాక్ ఉన్న యంత్రమైతే దాన్నీ మూయాలి. ఈ రెండూ కుదరకపోతే యంత్రాన్ని సమతలమైన చోట, ఎండుటాకులకు దూరంగా దించి, అందరినీ 15 మీటర్ల అవతలకు పంపి, పెట్రోల్ అయిపోయేదాకా ఆగాలి. ఆ పదిహేను మీటర్లు బ్రష్ కట్టర్ల పుస్తకాల్లో మామూలుగా రాసి ఉండే దూరమే. తిరుగుతున్న బ్లేడు ఒక కొబ్బరి పెంకు ముక్కను, తీగ ముక్కను విసిరితే ఎక్కడిదాకా వెళ్తుందో దాన్ని బట్టి పెట్టిన దూరమది. కొట్టంలోనో గదిలోనో ఉంటే మాత్రం తలుపులు తెరిచి మనిషి బయటికి వచ్చేయాలి. ఇంజిన్ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు, మనిషిని తెలియకుండానే పడగొడుతుంది.

చెయ్యి పెట్టకూడని చోట్లు

ప్లగ్గు టోపీని చేత్తో పీకడం చాలామందికి తోచే మొదటి ఉపాయం. పది వేల వోల్టులు దాటిన కరెంటు అక్కడ ఉంది. మాగ్నెటోలో శక్తి తక్కువ కాబట్టి ఆ షాక్ సాధారణంగా ప్రాణం తీయదు, కానీ చేతిని విసిరికొట్టిస్తుంది. ఆ చెయ్యి ఎటు పోతుందో మన అదుపులో ఉండదు. కిందనే బ్లేడు, పక్కనే కాలుతున్న సైలెన్సర్. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు ఆ షాక్ మరింత ప్రమాదం. పైగా టోపీ ఊడిన చోట రవ్వ గాలిలోకి దూకుతుంది, కారిన పెట్రోల్ ఉంటే అంటుకుంటుంది.

బ్లేడును మట్టిలోకో, కొబ్బరి మొదలుకేసో అదిమి ఆపాలనుకోవడం రెండో తప్పు. ఇంజిన్ ఆగకముందే బ్లేడు విరగవచ్చు, లేదా ఎదురు తన్ని మనిషి కాళ్ల మీదికి రావచ్చు. పెట్రోల్ ట్యాంకు మూత తీసి పెట్రోల్ ఒంపేయాలనుకోవడం మూడోది. వేడెక్కిన ట్యాంకులో ఆవిరి ఒత్తిడితో ఉంటుంది, మూత తీస్తే సైలెన్సర్ మీదికే చిమ్ముతుంది. ఇంజిన్ మీద నీళ్లు కుమ్మరించడం నాలుగోది. కాలుతున్న లోహం చల్లనీటికి పగలవచ్చు, ఆపే పని మాత్రం జరగదు.

స్విచ్ బాగానే ఉన్నా ఆగకపోతే

ఒక్కోసారి ఆపే వైరు బాగానే ఉంటుంది, రవ్వ నిజంగానే ఆగిపోతుంది, అయినా ఇంజిన్ దడదడమంటూ ఇంకాసేపు నడుస్తుంది. సిలిండర్ లోపల పేరుకున్న మసి ఎర్రగా కాలి, రవ్వ చేయాల్సిన పని తనే చేస్తోందన్నమాట. యంత్రాన్ని పూర్తి వేగంలో నడుపుతూ ఉన్నపాటున ఆపితే ఇలా జరిగే అవకాశం ఎక్కువ. ఆపే ముందు ఒకటి రెండు నిమిషాలు నెమ్మదిగా నడవనిస్తే లోపలి వేడి తగ్గుతుంది.

ఇంకో రకం, యాక్సిలరేటర్ మీట వదిలినా వేగం తగ్గకపోవడం. దాని తీగ తొడుగులో మట్టి చేరి ఇరుక్కుపోవడం ఒక కారణం. టూ స్ట్రోక్ ఇంజిన్లలో ఇంకో కారణం ఉంది. కార్బొరేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య రబ్బరు పగిలినా, క్రాంక్ దగ్గరి సీలు అరిగినా, దొంగదారిన గాలి చొరబడుతుంది. మిశ్రమం పలచబడి ఇంజిన్ మీటతో సంబంధం లేకుండా పరుగెడుతుంది. ఈ ఇంజిన్‌కు నూనె అందేది పెట్రోల్‌తో కలిసే కాబట్టి, మిశ్రమం పలచబడితే నూనె కూడా తగ్గి పిస్టన్ పట్టేస్తుంది. ఈ రెండు సందర్భాల్లోనూ చోక్ పనికొస్తుంది. కాకపోతే యంత్రాన్ని మళ్లీ స్టార్ట్ చేసి చూడకుండా నేరుగా మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఆయిల్ ఇంజిన్‌ది వేరే లెక్క

జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో పని చేయించి చూపిన ఇంజిన్‌లో ప్లగ్గూ లేదు, రవ్వా లేదు. గాలిని పదహారో వంతు నుంచి ఇరవయ్యో వంతుకు అదిమితే దాని వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అందులోకి డీజిల్ చిమ్మితే తనంతట అంటుకుంటుంది. మన కాలవ గట్ల మీది ఆయిల్ ఇంజిన్లు ఈ సంతతే. ఆపే మీట ఇక్కడ కరెంటును కాదు, డీజిల్‌ను ఆపుతుంది. పంపు నుంచి సిలిండర్‌కు వెళ్లే డీజిల్ మోతాదును సున్నా చేస్తుంది.

మోతాదును మామూలుగా చూసుకునేది గవర్నర్. తిరిగే గుండ్లు వేగం పెరిగితే బయటికి జరిగి డీజిల్ తగ్గిస్తాయి, వేగం తగ్గితే లోపలికి వచ్చి పెంచుతాయి. దాళ్వాలో నీళ్లు తోడుతుండగా పంపు బెల్టు జారిందనుకోండి, బరువు ఒక్కసారిగా పోయిన ఇంజిన్ ఎగబడుతుంది. గవర్నర్ దాన్ని పట్టి నిలుపుతుంది. గవర్నర్ లింకు ఇరుక్కుపోయి ఉంటే నిలిపేవాళ్లు లేరు. అప్పుడు ఆపే మీటా పనిచేయకపోతే డీజిల్ కాక్ మూయడం తర్వాతి మెట్టు.

డీజిల్ కాక్ మూసినా ఆగని సందర్భం ఒకటుంది, అందరూ భయపడే పరుగు అదే. ఆ ఇంజిన్ డీజిల్ కాకుండా వేరే ఇంధనం తాగుతోంది. చాలాసార్లు అది తన సొంత ఇంజిన్ ఆయిలే. ఆయిల్ మోతాదు మించి పోసినా, రింగులు అరిగినా, గట్టు దిగుతూ పవర్ టిల్లర్ పక్కకు ఒరిగినా ఆయిల్ సిలిండర్‌లోకి చేరుతుంది. గాలిని నూనెలో కడిగి పంపే వడపోత డబ్బాలు పాత ఇంజిన్లకు ఉంటాయి. వాటిలో గీత దాటి నూనె పోసినా పీల్పుకు అదంతా లోపలికే పోతుంది. వేగం పెరిగేకొద్దీ పీల్పు పెరుగుతుంది, పీల్పు పెరిగేకొద్దీ నూనె ఎక్కువ వస్తుంది. ఆగడం మాట అటుంచి ఇంజిన్ అంతకంతకూ రెచ్చిపోతుంది.

ఇక్కడ భయపడాల్సింది పోత ఇనుము ఫ్లైవీల్ గురించి. తిరిగే చక్రపు అంచును బయటికి లాగే బలం వేగంతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. నిమిషానికి 1500 చుట్ల ఇంజిన్ 3000కు పోతే ఆ బలం నాలుగింతలు, 4500కు పోతే తొమ్మిదింతలు. పోత ఇనుము అదిమితే ఓర్చుకుంటుందిగానీ లాగితే ఓర్చుకోదు. పగిలితే ముక్కలు చక్రం తిరిగే వరసలోనే దూసుకుపోతాయి. కాబట్టి పరుగందుకున్న ఇంజిన్ దగ్గర చక్రానికి ఎదురుగా గానీ వెనకగా గానీ నిలబడకూడదు. వెళ్లాల్సి వస్తే ఇరుసు చివరి వైపు నుంచే వెళ్లాలి.

ఇంత జరిగాక ఇంజిన్‌కు మిగిలిన ఆధారం గాలి ఒక్కటే. పెట్రోల్ ఇంజిన్‌లా డీజిల్‌కు మిశ్రమం హద్దుల పట్టింపు లేదు, ఎంత పలచగా ఉన్నా నడుస్తుంది. కనుక కొంచెం తగ్గిస్తే చాలదు, గాలి పూర్తిగా మూయాలి. పీల్చే గొట్టం నోటికి సరిపడా మందపాటి చెక్కపలకను అదిమితే ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై కొద్ది క్షణాల్లో ఆగుతుంది. కార్బన్ డయాక్సైడు అగ్నిమాపక సిలిండర్ దగ్గరుంటే ఆ వాయువును గొట్టంలోకి వదలవచ్చు. గుడ్డ కుక్కితే లోపలికి లాగేసుకుంటుంది. అరచెయ్యి పెడితే చర్మాన్నీ లాగి పట్టేస్తుంది. సిలిండర్ తల మీద వాల్వును ఎత్తి పట్టే మీట ఉన్న ఇంజిన్లలో దాన్ని ఎత్తినా అదిమే బలం పోయి ఇంజిన్ ఆగుతుంది. అంత వేగంలో ఎత్తితే వాల్వు చెడిపోవచ్చు, అందుకే రోజూ ఆపడానికి దాన్ని వాడకూడదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాల్వు ఖరీదు లెక్కలోకి రాదు. చక్రం అప్పటికే అదుపు తప్పి అరుస్తుంటే ఇవేవీ వద్దు, దూరంగా పోవడమే సరైన పని.

గాలే ఇంధనమైతే

ఈ పరుగుకు ఇంకో కారణం ఉంది, అది కోనసీమకు పరాయిది కాదు. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఇది గ్యాస్ దొరికే నేల. తోటల మధ్యే బావులు, చేల కింద పైపులైన్లు, తాటిపాకలో 2001లో మొదలైన చిన్న రిఫైనరీ. ఈ సహజవాయువులో ఎక్కువ భాగం మీథేన్. గాలిలో 5 నుంచి 15 శాతం ఉంటే అది మండుతుంది. వంటగ్యాస్‌కు లీకైతే తెలియడం కోసం వాసన కలుపుతారు. మీథేన్‌కు తనదంటూ వాసన లేదు.

లీకైన గ్యాస్ నడుస్తున్న డీజిల్ ఇంజిన్ దాకా వచ్చిందంటే ఇంజిన్ దాన్ని గాలితో పాటే పీల్చుకుంటుంది. గవర్నర్ డీజిల్ తగ్గించగలదు, గాలిలో వచ్చే గ్యాస్‌ను తగ్గించలేదు. డీజిల్ సున్నా అయినా ఇంజిన్ పరుగెడుతూనే ఉంటుంది. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సస్ సిటీ రిఫైనరీలో జరిగింది ఇదే. పొంగిపొర్లిన ఇంధనపు ఆవిరి దగ్గర్లో నిలిపిన ఒక డీజిల్ వాహనం దాకా చేరింది. ఇంజిన్ ఉన్నట్టుండి రొద పెంచి పరుగందుకుంది. ఆవిరి అంటుకోవడానికి చాలావరకు ఆ వాహనమే కారణమని దర్యాప్తు తేల్చింది. 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు మీద కూడా పేలుడుకు ముందు జనరేటర్ ఇంజిన్లు గ్యాస్ పీల్చి వేగం పెంచడం అక్కడున్నవాళ్లు విన్నారు. ఆ ప్రమాదంలో 11 మంది పోయారు. అందుకే గ్యాస్ ఉండే చోట వాడే డీజిల్ ఇంజిన్లకు గాలి గొట్టంలోనే ఒక కవాటం బిగిస్తారు. వేగం హద్దు దాటితే అది స్ప్రింగు బలంతో ఠప్పున మూసుకుంటుంది. గట్టు మీది ఇంజిన్‌కు చెక్కపలక చేసే పనే అది.

ఆపడమంటే అందకుండా చేయడమేనన్న సూత్రాన్ని ఈ నేల చాలా పెద్ద ఎత్తున చూసింది. 1995 జనవరి 8న పాసర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి ఎగదన్ని అంటుకుంది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. 65 రోజులు మండి మార్చి 15న అదుపులోకి వచ్చింది. అలాంటి మంటకు నీళ్లొక్కటే చాలవు. నీళ్లు చుట్టూ ఉన్న వేడిని తగ్గించి మనుషులు బావి దాకా వెళ్లేందుకు పనికొస్తాయి. ముప్పు నిజంగా తీరేది బావి నోరు మూసి గ్యాస్ అందకుండా చేసినప్పుడే. ఆ తర్వాత 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ పైపులైను నుంచి కారిన గ్యాస్ ఊరి మీద పరుచుకుని అంటుకుంది. ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. మండడానికి గాలి ఉంది, గ్యాస్ ఉంది. కావాల్సింది ఒక్క రవ్వ.

తోటలో పనిచేసేవాళ్లు ఇందులోంచి తీసుకోవాల్సింది ఒకటే. ఎక్కడో బుస్సుమని చప్పుడు, నేల మీద తెల్లటి పొగమంచులాంటిది, లేదా కారణం లేకుండా ఇంజిన్ తనంతట వేగం పెంచుకోవడం కనిపిస్తే అది మరమ్మతు చేసే సమయం కాదు. అలాంటి చోట ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు, కరెంటు స్విచ్‌లు ముట్టకూడదు, బీడీ వెలిగించకూడదు. గాలి వచ్చే వైపుకు నడిచి వెళ్లిపోయి, అక్కణ్నుంచి కబురు చేయాలి.

మోటారు కూడా మొండికేస్తుంది

చేపల, రొయ్యల చెరువుల మీద తిరిగే ఏరేటర్లు, బోరు మోటార్లు కరెంటువి కాబట్టి ఈ గొడవ లేదనుకుంటాం. స్టార్టర్ డబ్బాలో ఎర్ర బటన్ నొక్కినా మోటారు ఆగని రోజు వాటికీ ఉంటుంది. వోల్టేజి తగ్గి మోటారు ఎక్కువ కరెంటు లాగినప్పుడు స్టార్టర్ లోపలి కాంటాక్టులు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. బటన్ విడిపించబోయినా అవి విడవవు. అప్పుడు స్టార్టర్ మూత విప్పి కెలకకూడదు, నడుస్తుండగా ఫ్యూజులు పీకకూడదు. పొడి చేత్తో, పొడి నేల మీద నిలబడి మెయిన్ స్విచ్ దించాలి. బ్యాటరీ మీద నడిచే గడ్డి యంత్రానికైతే బ్యాటరీ పెట్టె ఊడదీయడమే మెయిన్ స్విచ్.

స్టార్ట్ చేయకముందు

ఆగని ఇంజిన్‌కు మందు చాలావరకు అది ఆగి ఉన్నప్పుడే వేయవచ్చు. పని మొదలుపెట్టే ముందు బ్లేడు తిరగకుండా, నెమ్మదిగా నడిపి ఒకసారి స్విచ్‌తో ఆపి చూడాలి. ఆగకపోతే ఆ రోజు ఆ యంత్రం తోటలోకి వెళ్లకూడదు. వారానికోసారి ఆపే వైరు రెండు చివరలూ చూసి, చిలుము గీకి, క్లిప్పు బిగించాలి. ఆయిల్ ఇంజిన్‌కైతే ఆయిల్ గీత దాటలేదని, గవర్నర్ లింకు చేత్తో కదిపితే ఇరుక్కోకుండా తిరుగుతోందని చూసుకోవాలి. గాలి గొట్టం నోటికి సరిపోయే చెక్కపలక ఒకటి ఇంజిన్ పక్కనే ఉంచుకోవాలి. ఎప్పుడైనా సరే బ్లేడు దగ్గర చెయ్యి పెట్టే ముందు ఇంజిన్ ఆగి, చల్లారాక, ప్లగ్గు టోపీ తీసి పక్కన పెట్టాలి. నడుస్తుండగా ప్రమాదమైన అదే పని ఆగాక తప్పనిసరి.

తయారుచేసేవాళ్ల మీద కూడా కొంత భారం పెట్టవచ్చు. అమెరికాలో 1982 జూన్ 30 తర్వాత తయారైన నడిచి తోసే లాన్ మోవర్లకు, పిడి వదిలిన మూడు సెకన్లలో బ్లేడు ఆగిపోవాలని నిబంధన పెట్టారు. పిడితో పాటు పట్టుకునే ఒక కడ్డీ ఉంటుంది. మనిషి జారిపడినా, భయపడి వదిలేసినా దానంతటదే ఆగుతుంది. ఆపడానికి మనిషి ఏమీ చేయనక్కర్లేదు, నడపడానికే పట్టుకుని ఉండాలి. బడ్డింగ్ యంత్రానికి సహజంగా ఉన్న గుణాన్ని నూటయాభై ఏళ్ల తర్వాత చట్టం పెట్టి తిరిగి తెచ్చుకున్నారన్నమాట. మన మార్కెట్లో అలాంటి పిడి ఉన్న యంత్రాలూ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. కొనేటప్పుడు అడిగి చూసుకోవాల్సింది ఇదే. దుకాణంలో తాడు లాగి ఒక్క పట్టున స్టార్ట్ చేసి చూపిస్తే సంతోషమే. దాన్ని స్విచ్‌తో ఒకసారి, స్విచ్ ముట్టకుండా ఇంకోసారి ఆపి చూపించమనండి. రెండో పద్ధతి అమ్మేవాళ్లకే తెలియకపోతే, ఆ యంత్రం గురించి చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది. అది తెలిశాకే డబ్బు చెల్లించండి.